చెన్నపట్నం మీద ఎమ్డెన్ గుండ్లు

గడుసువాడు, ఎవరి చేతికీ చిక్కనివాడు ఎదురైతే తమిళులు “వాడు ఎమ్డన్” అంటారు. తిరుత్తణి సంతలోనో, తిరువళ్ళూరు బస్సులోనో మీరూ ఈ మాట వినే ఉంటారు. ఇది తమిళ పదం కాదు, తెలుగు పదం అంతకన్నా కాదు. జర్మనీలో ఎమ్స్ అనే నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక రేవుపట్టణం పేరు ఎమ్డెన్. ఆ ఊరి పేరు పెట్టుకొన్న ఒక యుద్ధనౌక 1914వ సంవత్సరం సెప్టెంబరు 22వ తేదీ రాత్రి చెన్నపట్నం మీద గుండ్లు కురిపించింది. ఆ నౌక ఏనాడో సముద్రం పాలయింది. పేరు మాత్రం మన వాడుకలో నిలిచిపోయింది.

ఐరోపా ఖండంలోని రాజ్యాలు తమలో తాము తలపడుతుంటే వేల మైళ్ళ దూరంలో ఉన్న చెన్నపట్నం మీద గుండ్లు ఎందుకు పడాలి? అందులోనూ ఇంగ్లండు యుద్ధంలో దిగింది ఆగస్టు 4వ తేదీ మంగళవారం. చెన్నపట్నం మీద గుండ్లు పడింది సెప్టెంబరు 22వ తేదీ మంగళవారం. సరిగ్గా ఏడు వారాలు. అంత త్వరగా యుద్ధం ఇంత దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే మొదట ఐరోపా సంగతి కొంత తెలుసుకోవాలి.

ఆ కాలంలో ఐరోపాలోని పెద్ద రాజ్యాలు రెండు కూటములుగా చీలి ఉండేవి. జర్మనీ, ఆస్ట్రియా ఒకవైపు. ఫ్రాన్సు, రష్యా మరొకవైపు. ఇంగ్లండు ఈ రెండవ జట్టుకు దగ్గరగా ఉండేది. 1914 జూన్ 28వ తేదీన బోస్నియాలోని సెరాయెవో నగరంలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్సిస్ ఫెర్డినాండును, అతని భార్యను ఒక యువకుడు తుపాకితో కాల్చి చంపాడు. ఆ యువకుని వెనుక సెర్బియా ఉన్నదని ఆస్ట్రియా ఆరోపించింది. జూలై 28న సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. సెర్బియాకు అండగా రష్యా సైన్యాన్ని కూడగట్టసాగింది. రష్యా కదిలితే తాను ఊరుకోనని జర్మనీ అన్నది. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. ఒక హత్య జరిగిన అయిదు వారాలకు ఖండమంతా కత్తి దూసింది.

రాజులు, మంత్రులు కొంచెం ఆగి ఆలోచించలేదా అని మీకు అనిపించవచ్చు. కొందరు ఆలోచించారు. కాని అప్పటి యుద్ధాలు రైళ్ళ మీద ఆధారపడి ఉండేవి. లక్షల మంది సైనికులను ఏ రోజు ఏ బండిలో ఏ సరిహద్దుకు పంపాలో ముందుగానే పట్టికలు వేసి పెట్టుకొన్నారు. అరక్కోణం వంటి పెద్ద జంక్షనులో ఒక బండి ఆలస్యమైతే దాని వెనుక ఎన్ని బండ్లు ఆగిపోతాయో మీరు చూసే ఉంటారు. దేశం మొత్తంలోని బండ్లన్నీ ఒక లెక్కప్రకారం కదలడం మొదలుపెట్టిన తరువాత వాటిని మధ్యలో ఆపడం సేనాపతులకే భయం. తాము ఆపితే శత్రువు ఆపడేమోనన్న శంక. ఈ శంకే రాయబారులు మాట్లాడుకోవడానికి వ్యవధి లేకుండా చేసింది.

జర్మనీకి తూర్పున రష్యా, పడమట ఫ్రాన్సు. ఇద్దరితో ఒక్కసారిగా పోరాడడం కష్టం. రష్యా విశాలమైన దేశం, దాని సైన్యం కదలడానికి వారాలు పడుతుంది. ఆలోగా ఫ్రాన్సును ఓడించి, తరువాత రష్యా వైపు తిరగాలని జర్మన్ సేనాపతులు పథకం వేశారు. ఫ్రాన్సు సరిహద్దులో గట్టి కోటలున్నాయి. కావున వాటిని తప్పించుకొని బెల్జియం మీదుగా పోదలచారు. బెల్జియం ఎవరి జట్టులోనూ లేని చిన్న దేశం. దాని జోలికి ఎవరూ పోరాదని 1839లో పెద్ద రాజ్యాలన్నీ సంతకాలు చేశాయి. వాటిలో జర్మనీకి మూలమైన ప్రష్యా కూడా ఉన్నది. ఆగస్టు 4న జర్మన్ సైన్యం ఆ దేశంలో అడుగుపెట్టింది. ఆ రాత్రే ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది.

ఇంగ్లండుతో పాటు భారతదేశం కూడా ఆ రాత్రే యుద్ధంలో చేరినట్లయింది. చేరుదామా, వద్దా అని భారతీయులను అడిగినవారు లేరు. ఇంగ్లండు రాజే మన దేశానికి చక్రవర్తి. అతని తరఫున వైస్రాయి హార్డింజి ప్రభువు ప్రకటన చేశాడు. అంతటితో లియేజ్ అనే ఊరు ఎక్కడుందో తెలియని మన పల్లెల్లోని రైతు కూడా జర్మనీకి శత్రువైపోయాడు. తెలుగు పంచాంగం ప్రకారం అది ఆనంద నామ సంవత్సరం. దాని తరువాత వచ్చేది రాక్షస. పేర్లు ఎంత విచిత్రంగా కుదిరాయో చూడండి.

బెల్జియంలోని లియేజ్ కోటలు ఆగస్టు నడిమికి కూలిపోయాయి. 20వ తేదీన రాజధాని బ్రస్సెల్స్ జర్మనుల వశమైంది. ఫ్రెంచి సైన్యమూ, దానికి తోడు వచ్చిన చిన్న బ్రిటిష్ సైన్యమూ వెనుకకు వెనుకకు జరిగాయి. సెప్టెంబరు 2న ఫ్రెంచి ప్రభుత్వం ప్యారిస్ విడిచి బోర్డో నగరానికి తరలిపోయింది. చెన్నపట్నానికి తిరువళ్ళూరు ఎంత దూరమో, ప్యారిస్ నగరానికి జర్మన్ సైన్యం ఇంచుమించు అంత దూరంలో నిలిచింది. ఇక పట్టణం పోయినట్లే అనుకొన్నారు. కాని సెప్టెంబరు మొదటి రెండు వారాలలో మార్న్ నది దగ్గర జరిగిన పోరులో ఫ్రెంచి, బ్రిటిష్ సేనలు జర్మనులను వెనుకకు నెట్టాయి. ఆ సందర్భంలో ప్యారిస్ వీధుల్లోని టాక్సీలలో కూడా సైనికులను యుద్ధరంగానికి తరలించారు. తూర్పున మాత్రం ఆగస్టు చివర టానెన్‌బర్గ్ వద్ద జర్మనులు రష్యా సైన్యాన్ని చిత్తు చేసి, తొంభై వేల మందికి పైగా బందీలుగా పట్టుకొన్నారు. ఎవరూ పూర్తిగా గెలవలేదు. ఇరుపక్షాలూ నేలలో కందకాలు తవ్వుకొని ఎదురెదురుగా కూర్చున్నాయి. కొద్ది నెలల్లో ముగుస్తుందన్న యుద్ధం నాలుగేళ్ళకు పైగా సాగింది.

ఈ వార్తలు మన ప్రాంతానికి ఎలా అందేవి? రేడియో ఇంకా రాలేదు. లండను నుండి సముద్రగర్భంలోని తంతుల మీదుగా తంతివార్తలు వచ్చేవి. పత్రికలు వాటిని అచ్చువేసేవి. అవి ప్రభుత్వం చూసి వదలిన వార్తలే. తెలుగువారికి అప్పుడొక అదృష్టం కలిసివచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక చెన్నపట్నానికి తరలివచ్చి, 1914 ఏప్రిల్ 1వ తేదీ నుండి దినపత్రిక అయింది. యుద్ధానికి నాలుగు నెలల ముందు! తమిళంలో స్వదేశమిత్రన్, ఇంగ్లీషులో హిందూ అంతకుముందు నుండే ఉన్నాయి. చదువు వచ్చినవారు తక్కువ. ఒకరు గట్టిగా చదివితే పదిమంది చుట్టూ చేరి వినేవారు. విన్నవారు తమకు తోచినది కొంత కలిపి మరొకరికి చెప్పేవారు. వార్త, వదంతి కలగాపులగమై పోవడానికి ఇంతకంటె ఏమి కావాలి?

అప్పటికి తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. తిరుత్తణి 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉండేది. అది తమిళనాడులో కలిసింది 1960లో. తిరువళ్ళూరు జిల్లా అనేది 1997లోగాని ఏర్పడలేదు. అయితే 1914లో ఈ భేదాలు లేవు. రెండు ఊళ్ళూ మద్రాసు రాజధానిలోనివే. రెంటికీ పెద్ద పట్నం చెన్నపట్నమే. కోర్టుపనికైనా, కాలేజీ చదువుకైనా, సరుకు అమ్ముకోవడానికైనా అక్కడికే పోవాలి. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ రోజుల్లో చెన్నపట్నం ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్రం బోధిస్తున్నారు. ఆ కళాశాల సముద్రానికి ఎదురుగానే ఉన్నది.

ఇక ఎమ్డెన్ కథకు వద్దాం. చైనా తీరంలో త్సింగ్‌తావ్ అనే రేవు అప్పుడు జర్మనీ చేతిలో ఉండేది. అక్కడి జర్మన్ నౌకాదళంలో ఎమ్డెన్ ఒకటి. అది భారీ నౌక కాదు. పది ఫిరంగులు, మూడు వందలకు పైగా నావికులు గల వేగమైన క్రూయిజరు. దాని అధిపతి కార్ల్ ఫాన్ ముల్లర్. ఆగస్టు నెలలో జపాన్ కూడా ఇంగ్లండు పక్షాన చేరడంతో చైనా సముద్రంలో జర్మన్ నౌకలకు నిలువనీడ లేకపోయింది. దళపతి ఫాన్ స్పే తన నౌకలను తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా తీసుకొనిపోయాడు. ఎమ్డెన్‌ను మాత్రం, ఒక బొగ్గు ఓడను తోడిచ్చి, హిందూ మహాసముద్రానికి పంపాడు. ఆ సముద్రమంతటా రేవులన్నీ శత్రువులవే. ఒంటరిగా వచ్చిన ఈ నౌక ఎన్నాళ్ళు బ్రతుకుతుంది?

ఇక్కడ బొగ్గు సంగతి చెప్పాలి. అప్పటి నౌకలు బొగ్గుతో నడిచేవి. బొగ్గు అయిపోతే ఎంతటి యుద్ధనౌక అయినా నీటిమీద తేలే ఇనుపపెట్టె. బొగ్గు రేవులలో దొరుకుతుంది. రేవులు బ్రిటిష్‌వారివి. కావున ముల్లర్ బొగ్గు మోసుకొనిపోయే ఓడలనే పట్టుకొన్నాడు. సెప్టెంబరు 10వ తేదీ ప్రాంతంలో బంగాళాఖాతంలో అతనికి చిక్కిన పొంటోపోరోస్ అనే గ్రీకు ఓడలో ఆరు వేల టన్నులకు పైగా మన దేశపు బొగ్గు ఉన్నది. అది బ్రిటిష్‌వారి కోసం పోతున్న బొగ్గు. దానితోనే ఎమ్డెన్ కడుపు నింపుకొన్నది. మరొక ఉపాయం కూడా పన్నాడు. ఎమ్డెన్‌కు మూడు పొగగొట్టాలుండేవి. బ్రిటిష్ క్రూయిజర్లలో కొన్నిటికి నాలుగు. కట్టెలు, గుడ్డలు కట్టి నాలుగవ పొగగొట్టం ఒకటి దొంగది నిలబెట్టారు. దూరం నుండి చూసినవారు తమ నౌకే అనుకొనేవారు. పట్టుకొన్న ఓడల్లో దొరికిన పత్రికలు చూసి ఏ ఓడ ఏ రోజు ఏ రేవు నుండి బయలుదేరుతుందో కూడా తెలుసుకొనేవాడు.

అయిదారు రోజులలో కలకత్తా దారిలో పోతున్న అనేక ఓడలు అతనికి చిక్కాయి. ఒకదానిలో తేయాకు, ఒకదానిలో బొగ్గు. ఓడలను ముంచేముందు అందులోని మనుషులను దింపి తనతో ఉన్న వేరొక ఓడలోకి ఎక్కించేవాడు. కబింగా అనే ఓడ అధిపతి భార్యాబిడ్డలతో ప్రయాణం చేస్తున్నాడు. ఆ ఓడను ముంచకుండా, బందీలందరినీ అందులో ఎక్కించి పంపివేశాడు. శత్రుపక్షపు పత్రికలే ముల్లర్ మర్యాదను మెచ్చుకొన్నాయి. యుద్ధంలో ఇది అరుదు. అయినా అతడు చేసేది ఓడలను ముంచడమే అన్న సంగతి మరువరాదు.

వార్త బయటపడగానే బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు కొన్నాళ్ళు నిలిచిపోయాయి. ఓడలకు కట్టే బీమా సొమ్ము పెరిగింది. బ్రిటిష్ నౌకలు వెదకసాగాయి. ఎమ్డెన్ ఎటో మాయమైంది. ఇంత జరిగినా చెన్నపట్నం రేవులో దీపాలు యథాప్రకారం వెలుగుతూనే ఉన్నాయి. హైకోర్టు గోపురం మీద అప్పుడొక దీపస్తంభం ఉండేది. 1894 నుండి అదే నావికులకు దారి చూపేది. పగవానికి కూడా అదే దారి చూపింది.

ఆ రోజులు శరన్నవరాత్రుల మొదలు. మహాలయ అమావాస్య వెళ్ళి మూడు రోజులే అయింది. సన్నని నెలవంక పొద్దుపోకముందే అస్తమించింది. రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఎమ్డెన్ దీపాలన్నీ ఆర్పుకొని తీరానికి మూడు కిలోమీటర్లలోపు దూరానికి వచ్చి నిలిచింది. సెర్చిలైటు వేసి గురి చూసుకొన్నది. రేవు పక్కన బర్మా ఆయిల్ కంపెనీవారి కిరసనాయిలు తొట్లు ఉన్నాయి. మొదటి గుండ్లు గురి తప్పాయి. తరువాతివి తగిలాయి. రెండు తొట్లు భగ్గున అంటుకొన్నాయి. రేవులో ఉన్న చుప్రా అనే ఓడకు దెబ్బ తగిలింది. కొన్ని గుండ్లు పట్నంలోకి వచ్చి పడ్డాయి. ఒకటి హైకోర్టు ఆవరణ గోడకు తగిలింది. ఆ చోట ఒక శిలాఫలకం ఉన్నది. చెన్నపట్నం వెళ్ళినప్పుడు చూడవచ్చు. కోట దగ్గరి ఫిరంగులు తేరుకొని కొన్ని గుండ్లు పేల్చాయిగాని అవి ఎమ్డెన్‌కు తగలలేదు. అరగంటలోపే అంతా ముగిసింది. ఎమ్డెన్ పేల్చినవి దాదాపు 125 గుండ్లు. కనీసం అయిదుగురు మరణించారు. చాలామంది గాయపడ్డారు. నూనె మంటలు మాత్రం మరునాడు కూడా ఆరలేదు.

యుద్ధపు లెక్కలలో ఇది చిన్న దెబ్బ. అదే నెలలో మార్న్ నది ఒడ్డున లక్షల మంది చచ్చి, గాయపడ్డారు. చెన్నపట్నంలో కాలినది కొంత నూనె. అయినా మరునాటి నుండి జనం పట్నం వదలి పోసాగారు. రైళ్ళలో చోటు లేదు. బండ్లు కట్టుకొని పోయినవారు, నడచి పోయినవారు వేలమంది. దక్షిణదేశంలో మొదటి రైలుదారి 1856లో రాయపురం నుండి తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా వేశారు. పడమరకు పోవాలంటే ఆ దారినే పోవాలి. అరక్కోణం దగ్గర చీలి ఒక దారి కాట్పాడి వైపు, మరొక దారి తిరుత్తణి, పుత్తూరుల మీదుగా రేణిగుంట వైపు పోతాయి. పట్నంలో దుకాణాలు మూతపడ్డాయి. దొరికిన సరుకుల ధరలు పెరిగాయి. జర్మనులు మళ్ళీ వస్తున్నారని కొందరు, తీరాన సైన్యాన్నే దింపుతారని కొందరు చెప్పుకొన్నారు. ఒక నౌకలోని మూడు వందల మంది చెన్నపట్నాన్ని ఎలా పట్టుకోగలరు? ఆ లెక్క ఆనాడు ఎవరూ వేయలేదు.

నష్టం కొద్దిపాటిదని, ప్రమాదం తొలగిందని ప్రభుత్వం ప్రకటించింది. నిజానికి అది సరైన మాటే. ఎమ్డెన్ అప్పటికే దక్షిణంగా సింహళం వైపు వెళ్ళిపోయింది. కాని జనం నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? సముద్రాలన్నీ బ్రిటిష్ నౌకాదళం ఏలుతున్నదని వారు నూరేళ్ళుగా వింటున్నారు. ఆ సముద్రం మీదనే ఒక ఒంటరి నౌక వచ్చి, పట్నం నడిబొడ్డుకు ఎదురుగా నిలిచి, కాల్చి, తిరిగి వెళ్ళిపోయింది. ముల్లర్ కోరుకొన్నది సరిగ్గా ఇదే. నూనె తొట్లను కాల్చడం అతనికి ముఖ్యం కాదు. భారతీయులలో సంచలనం కలిగించడం, బ్రిటిష్ వర్తకాన్ని కలవరపెట్టడం, వారి పరువు తీయడం తన ఉద్దేశమని అతడు తరువాత రాసుకొన్నాడు. ఆ పని 125 గుండ్లతో పూర్తయింది. ఇనుము, మందుగుండు వంటివే కాక నమ్మకం కూడా యుద్ధసామగ్రిలో ఒకటని అతనికి తెలుసు.

చెంబకరామన్ పిళ్ళై అనే దేశభక్తుడు ఎమ్డెన్‌లో ఉండి చెన్నపట్నానికి దారి చూపాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. తిరువనంతపురంలో పుట్టిన పిళ్ళై నిజంగానే జర్మనీ సహాయంతో భారత స్వాతంత్ర్యానికి కృషి చేసినవాడు. అయితే ఆ నెలలో ఆయన స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో ఉన్నాడు. కథ వినడానికి బాగుంటుంది గనుక నేటికీ కొందరు చెబుతూనే ఉంటారు.

గుండ్లకన్నా ఎక్కువగా మన పల్లెలను తాకినది వర్తకం మీది దెబ్బ. చెన్నపట్నం పారిపోయినవారు కొన్ని వారాలకు తిరిగి వచ్చారు. ఈ దెబ్బ ఏళ్ళపాటు ఉండిపోయింది. మన వైపు చెనక్కాయలనే వేరుశనగను ఆర్కాటు జిల్లాల రైతులు విస్తారంగా పండించేవారు. ఆ గింజలు పుదుచ్చేరి, చెన్నపట్నం రేవుల నుండి ఫ్రాన్సులోని మార్సెయిల్స్ నగరానికి పోయి అక్కడి గానుగల్లో నూనె అయ్యేవి. యుద్ధం వచ్చింది. ఓడలు దొరకలేదు. కొనేవారు వెనుదీశారు. ధర పడిపోయింది. సాగు తగ్గింది. రైతుకు ఫ్రాన్సు ఎక్కడున్నదో తెలియకపోవచ్చుగాని ఆ ఏడు తన పంట ఎందుకు అమ్ముడుపోలేదో తెలిసివచ్చింది.

రంగుల సంగతి మరొకటి. నూలుకు వేసే రసాయన రంగులలో అత్యధిక భాగం ఆ రోజుల్లో జర్మనీలోనే తయారయ్యేది. యుద్ధం మొదలైన నాటి నుండి అవి రావడం ఆగిపోయింది. ఉన్న రంగుల వెల ఎన్నో రెట్లు పెరిగింది. నేటికీ మగ్గాల చప్పుడు వినిపించే పళ్ళిపట్టు, పొదటూరుపేట ఊళ్ళ పిల్లలకు రంగు వెల పెరిగితే నేత ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అదే సమయంలో విచిత్రంగా నీలిమందు రైతుకు కొంత మేలు జరిగింది. కృత్రిమ నీలిరంగును జర్మన్లు 1897లో అమ్మకానికి తెచ్చిన తరువాత మన నీలిచేలు క్రమంగా మూలపడ్డాయి. జర్మన్ రంగు ఆగేసరికి కడప, నెల్లూరు, ఆర్కాటు ప్రాంతాల్లో మళ్ళీ నీలి విత్తారు. యుద్ధం ముగియగానే ఆ మేలు కూడా ముగిసింది.

చెన్నపట్నం తరువాత ఎమ్డెన్ సింహళం చుట్టుపక్కల మరికొన్ని ఓడలను పట్టుకొన్నది. అక్టోబరులో డీగో గార్షియా అనే చిన్న దీవిలో ఆగింది. ఆ దీవివారికి యుద్ధం మొదలైన సంగతే తెలియదు! ఎమ్డెన్ నావికులను అతిథులుగా ఆదరించారు. నావికులు వారి పడవ ఇంజనును బాగుచేసి ఇచ్చారు. యుద్ధం మొదలై రెండు నెలలు దాటినా అక్కడ ఇంకా శాంతికాలమే. అక్టోబరు 28న ఎమ్డెన్ పినాంగ్ రేవులో చొరబడి ఒక రష్యా క్రూయిజరును, బయటికి వస్తూ ఒక ఫ్రెంచి నౌకను ముంచింది. ఆ ఒక్క నౌక భయానికి సైనికులను మోసుకొనిపోయే ఓడలను గట్టి కాపలా లేకుండా పంపడానికి వీలులేకపోయింది.

ఎమ్డెన్ అంతం నవంబరు 9న వచ్చింది. కోకోస్ దీవులలోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి ముల్లర్ కొందరిని ఒడ్డుకు పంపాడు. అక్కడి ఉద్యోగులు వింత నౌక వచ్చిందని వెంటనే తంతి కొట్టారు. ఆస్ట్రేలియా సైనికులతో పోతున్న ముప్పైకి పైగా ఓడల బారు దగ్గరలోనే సాగుతున్నది. వాటికి కాపలా ఉన్న సిడ్నీ అనే యుద్ధనౌక ఆ వార్త విని వచ్చింది. దాని ఫిరంగులు ఎమ్డెన్ ఫిరంగుల కంటె పెద్దవి, దూరం కొట్టగలవి. ముల్లర్ చితికిన తన నౌకను ఒక దీవి మెట్టకెక్కించాడు. అతని మనుషులలో 130 మందికి పైగా మరణించారు. అతడు బందీ అయ్యాడు. ఒడ్డున చిక్కిన జట్టు మాత్రం ఆయేషా అనే పాత తెరచాప ఓడ నెక్కి తప్పించుకొన్నది.

ఈలోగా మన దేశం నుండి సైనికులు నలుదిక్కులకూ పోతున్నారు. లాహోరు, మీరట్ డివిజన్లు ఫ్రాన్సు చేరాయి. మొదటి దళాలు మార్సెయిల్స్‌లో దిగినది సెప్టెంబరు 26న, అంటే చెన్నపట్నం మీద గుండ్లు పడిన నాలుగు రోజులకు. ఎండదేశపు దుస్తులతో వెళ్ళిన వారిని చలికాలంలో కందకాల్లో నిలిపారు. అక్టోబరు 31న బెల్జియంలో చూపిన పరాక్రమానికి బలూచీ పటాలంలోని ఖుదాదాద్ ఖాన్‌కు విక్టోరియా క్రాస్ లభించింది. ఆ పతకం పొందిన మొదటి భారతీయ సిపాయి ఆయనే. మద్రాసు సైన్యంలోని దళాలు కొన్ని తూర్పు ఆఫ్రికాకు పోయాయి. పాలయంకోట పేరు గల 63వ పటాలం, 61వ పయొనీర్లు వాటిలో ఉన్నాయి. నవంబరు మొదటివారంలో టాంగా అనే జర్మన్ రేవు మీద దాడి చేశారు. వారాల తరబడి ఓడల్లో కుక్కి తెచ్చిన సిపాయిలను, శత్రువు బలం ఎంతో తెలుసుకోకుండానే దింపారు. దాదాపు ఎనిమిది వేల మందిని సుమారు వెయ్యిమంది ఓడించి పంపారు. తేనెటీగలు కూడా లేచి కుట్టాయి. తప్పు సిపాయిలది కాదు, పథకం వేసినవారిది. కాని నిందలో ఎక్కువ వాటా సిపాయిలకే దక్కింది.

ఆ ఏడాది డిసెంబరులో కాంగ్రెసు మహాసభ చెన్నపట్నంలోనే జరిగింది. భూపేంద్రనాథ బోసు అధ్యక్షుడు. గవర్నరు పెంట్లండు ప్రభువు సభకు వచ్చాడు. గవర్నరు కాంగ్రెసు సభకు రావడం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతి కాదు. సభవారు ఇంగ్లండుకు తమ మద్దతు తెలిపారు. ఇంత సహాయం చేసిన దేశానికి స్వపరిపాలన ఇవ్వక తప్పదని వారి ఆశ. మూడేళ్ళు తిరగకుండానే, 1917లో, స్వపరిపాలన కోరిన అనిబిసెంటును ఆ పెంట్లండు ప్రభుత్వమే నిర్బంధించింది.

అప్పటికి చెన్నపట్నం రేవు మళ్ళీ మామూలుగా పనిచేస్తున్నది. మద్రాసు రాజధానిలో వసూలైన చందాలతో టాండా అనే ఓడను ఆసుపత్రి ఓడగా మార్చి 1914 చివరికి సిద్ధం చేశారు. దానికి ‘మద్రాసు’ అని పేరు పెట్టారు. మెసపటోమియా నుండి, తూర్పు ఆఫ్రికా నుండి గాయపడిన సిపాయిలను అది తరువాతి సంవత్సరాలలో మోసుకొనివచ్చింది.